ఏడు మిల్లీవోల్టుల బతుకు

నేను రక్తంలో పొటాషియం కొలిచే ఎలక్ట్రోడ్‌లోని పీవీసీ పొరని. మీ పెరట్లో నీళ్ల పైపుదీ నాదీ ఒకటే పుట్టుక. అది గట్టిది, నేను మెత్తన. ఆ మెత్తదనం నాలో కలిపిన ప్లాస్టిసైజర్‌ది. నా బరువులో మూడింట రెండు వంతులు అదే. మిగిలింది పీవీసీ, నూటికి ఒక పాలు వాలినోమైసిన్. అన్నీ ద్రావకంలో కరిగించి గాజు రింగులో పోశారు. ద్రావకం ఆవిరయ్యాక పలచని పొరనై తేలాను. 1970లో కార్డిఫ్‌లో మూడీ, ఓక్, థామస్ కాల్షియం కొలవడానికి ఇలాంటి పొరనే పోశారు.

నా ప్రాణమంతా ఆ ఒక్క పాలులోనే ఉంది. వాలినోమైసిన్ ఉంగరం లాంటి అణువు. పొటాషియం తన చుట్టూ ఉన్న నీటిని వదిలేసి, ఆ ఉంగరంలో ఆరు ఆక్సిజన్ల నడుమ సరిగ్గా ఇముడుతుంది. సోడియం అంతకన్నా చిన్నది, ఆరింటినీ ఒకేసారి అందుకోలేదు, అందుకే నీటిని వదిలి రాదు. రక్తంలో సోడియం ముప్పై రెట్లు ఎక్కువున్నా నేను పొటాషియాన్నే పట్టుకుంటాను.

శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ కేంద్రం పక్క ల్యాబులో ఉంటాను. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్ల శాంపిళ్లే ఎక్కువ. రక్తంలో పొటాషియం లీటరుకు 5 మిల్లీమోల్స్ దాకా ఫరవాలేదు, 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం. ఆ రెండు అంకెల మధ్య నేను చూపగలిగే తేడా సుమారు 7 మిల్లీవోల్టులే.

నా ప్లాస్టిసైజర్ శాంపిళ్లలోకి కొద్దికొద్దిగా జారిపోతుంది, వెంట వాలినోమైసిన్ కూడా. అక్రిలేట్ పొరలకు ప్లాస్టిసైజర్ జారే బెడద లేదు, అవి వాటంతటవే మెత్తన. కానీ వాటిలో అయాన్ల నడక చాలా నెమ్మది. సిలికోన్ రబ్బరుకూ ప్లాస్టిసైజర్ అక్కర్లేదు గానీ, దానిలో విద్యుత్ నిరోధం ఎక్కువ, కలపాల్సిన లవణాలు సరిగా కరగవు. పాలీయురేథేన్ సెన్సర్ చిప్‌ను గట్టిగా అంటుకుంటుంది. అక్కడ నేనైతే ఊడివస్తాను, అడుగున నీరు చేరుతుంది. ఒంట్లో నెలల తరబడి ఉండాల్సిన సెన్సర్‌కు నన్ను వాడొద్దనే చెబుతాను. శాంపిల్ వచ్చిపోయే, ఎలక్ట్రోడ్ మార్చుకునే మెషీన్‌లో మాత్రం నాకన్నా తగినది లేదు.

పదిరెట్ల మార్పుకు సుమారు 59 మిల్లీవోల్టులు చూపాల్సిన నా స్లోప్ ఈ మధ్య క్యాలిబ్రేషన్‌లో 50కి దిగింది. నన్ను తీసేసి కొత్త ఎలక్ట్రోడ్ పెట్టాలి. ఆ 7 మిల్లీవోల్టుల దగ్గర నేను తడబడితే, ఈరోజే డయాలసిస్ కావాల్సిన మనిషిని రేపు రమ్మంటారు.