బ్యాటరీ వేయని బ్రహ్మ

కదలుటకై పుట్టిన వస్తువును కదలకుండ కాపాడుటయే పరమధర్మముగ నెంచు పురుషుడొకడు మన నగరములలోని అపార్టుమెంటులయందు ఇటీవల తరచుగ కానవచ్చుచున్నాడు. ఈతడు సామాన్యముగ పదవీవిరమణ చేసిన ఇంజనీరు. సంతానములో ఒక్కరైనను విదేశమున నుండుట ఈ జాతికి అవశ్యలక్షణము. ఏలయన, వచ్చినపుడెల్ల జపాను దేశపు టమియావారి మోడలు కిట్టు నొకదానిని బట్టల నడుమ నిమిడ్చి తెచ్చువారు లేనిచో ఈ వ్యసనము కుదురుకొనదు. మా పైయంతస్తులో కాపురమున్న పెద్దమనిషి ఈ జాతికి తిలకప్రాయుడు.

ఆయన యింటికేగిన అతిథికి కాఫీకంటె ముందు చరిత్ర లభించును. షిజువోకా పట్టణమున 1946లో కొయ్యకోత మిల్లుగా ఆరంభమైన ఆ సంస్థ, కాలక్రమమున ప్లాస్టికు బొమ్మలలోనికి దిగి, 1961లో జర్మనుల పాంథర్ ట్యాంకునకు మోటారు బిగించి విపణికి విడిచి నిలదొక్కుకొన్న వృత్తాంతమును, దాని యుదరమున రెండు బ్యాటరీలు పట్టవలెను గనుక ఆ ప్రమాణము నిర్ణయించిరనియు, పిమ్మట కొలిచి చూడగా అది అసలు ట్యాంకులో ఇంచుమించు 35వ వంతని తేలెననియు, నాటినుండి నేటివరకు నానాదేశములయందును ట్యాంకు మోడళ్ళు పెక్కు ఆ 1/35 కొలతకే తయారగుచున్నవనియు ఆయన పురాణఫక్కిని వినిపించి, "చూశారా, అంతా బ్యాటరీ మహిమండీ!" అని ముగించును. ఇంతచేసి, ఆయన అద్దాల బీరువాలో కొలువుదీరిన ట్యాంకులలో ఒక్కదాని గర్భమునందును బ్యాటరీ లేదు. కారణ మడిగితిమా, "కారిపోతాయండీ! కారితే లోపల రేకులు తుప్పు పట్టిపోవూ?" అనును.

కిట్టు నిర్మాణము ఆయన కొక దీర్ఘసత్రయాగము. మొదట భాగములు అంటియున్న ప్లాస్టికు చట్రములను సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. అచ్చునుండి సులువుగ ఊడివచ్చుటకై పూసిన జిడ్డు మిగిలియున్నచో రంగు పట్టదు. ఆపైన ఒక్కొక్క భాగమును కత్తిరించి, మొనలు నున్నగ రాచి, జిగురుతో నతుకవలెను. జిగురని మన మందుము గాని అది అతికించునది కాదట. ప్లాస్టికును రెండువైపుల కరిగించి యేకము చేయునదట. ఆ సమ్మేళనమువలన వెలువడు పరిమళ మేమో వంటయింటి పోపును సైతము జయించి మెట్లమీదుగ మా వసారాకు దిగివచ్చును. ఆ యిల్లాలి గోళ్ళకత్తెర, కనుబొమల పట్టకారు, బట్టలక్లిప్పులు, పాత టూత్‌బ్రష్షులు యాగద్రవ్యములైపోయినవి. ఆవగింజంత కొక్కెమొకటి పట్టకారునుండి జారి నేల బడెనా, ఇక ఇంట నెవ్వరును అడుగు తీసి అడుగు వేయరాదు, టార్చిలైటు వెలుగును, పనిమనిషి చేతిలోని చేటను నిలిపి చెత్తను సోదా చేయుదురు. ఆ సోదాలో ఏనాడో పోయిన ఉంగరపు రాయి యొకటి దొరకుటయు గలదు. దానిని ఆయన నిరాశతో పక్కన బెట్టును.

ఇక గేరుబాక్సు! ఈ ఘట్టమున ఆయనను చూచితీరవలెను. వేలకొలది చుట్లు తిరుగు చిట్టిమోటారు వేగమును పండ్లచక్రముల వరుస యెట్లు తగ్గించి, తగ్గించిన మేరకు బలమెట్లు పెంచునో వివరించుచు, చక్రమునకు చక్రమునకు నడుమ అగ్గిపుల్లతో గ్రీజు పెట్టి, ట్యాంకులో బిగింపకముందు ఒక్కమారు, ఒక్కమారు మాత్రమే, రెండుతీగలను బయటి బ్యాటరీకి తాకించి, అది గిర్రుమనగానే పురిటిగది వెలుపల కేక విన్న తండ్రివలె తలయెత్తి చూచును. అంతే. గేరుబాక్సు లోపలికి పోవును. మీద మూత పడును. ప్రాణప్రతిష్ఠ మాత్రము జరుగదు.

"నడిపించరాదా?" అని నేనొకనాడు సాహసించితిని. రంగు గీసుకొనునని, గొలుసులు సాగునని, దుమ్ము చొరబడునని హేతుపరంపర చెప్పి, చివరకు బ్రహ్మాస్త్రము తీసెను: "1943 జూలైలో కుర్స్కు యుద్ధానికి 200 పాంథర్లు తెచ్చారండీ. శత్రువు గుండు తగలకుండానే యంత్రాలు చెడి ఎన్నో దారిలో ఆగిపోయాయి. నాది ఆగి ఉందంటే చరిత్రకు కట్టుబడి ఉందన్నమాట!" ఇట్టి సత్యనిష్ఠకు నాకడ జవాబు లేదు.

ఆయన శ్రీమతికడ మాత్రము జవాబులు పుష్కలము. మోటారు చూడవలెనని మిక్సీ విప్పి వదలిన దినమున, "టమియావాళ్ళు పోర్షె 911 కారునే కొని, విప్పి కొలతలు తీసుకున్నారు, తెలుసా?" అని ఆయన సమర్థించుకొనగా, "వాళ్ళు 1976లో బొమ్మకారు చేసి అమ్ముకున్నారని మీరే చెప్పారుగా. మీరేం అమ్మారండీ? చట్నీ రోట్లో రుబ్బండి" అని ఆమె సెలవిచ్చెను.

వేసవిలో మనుమడు దిగెను. వాని చేత మినీ ఫోర్ వీల్ డ్రైవ్ అను చిట్టికారు. టమియావారిదే, 1982లో పుట్టిన తెగ. రెండు చిన్న బ్యాటరీలు, రిమోటు లేదు, పక్కల నుండు రోలర్లు దారిగోడల నొరసికొనుచుండ దౌడు తీయును. తాతగారు దానిని, "అది బొమ్మరా, ఇది మోడలు" అని యీసడించిరి. ఆ మధ్యాహ్నమే, తాతగారు నిద్రించుచుండగా, బొమ్మలోని బ్యాటరీలు మోడలులోనికి ప్రవేశించెను, అదియు తలక్రిందులుగ. కావున పాంథరు ముందునకు గాక వెనుకకు బయలుదేరి, గర్జించుచు మంచముక్రిందికి పోయెను.

చప్పుడునకు లేచివచ్చిన ఆయన దుర్వాసుడగునని యెల్లరు నెదురుచూచిరి. ఆయన పంచె సవరించుకొని నేలపై బోర్లపడి, మంచముక్రింద చాల సేపు చూచి, "ఎడమ గొలుసు పైన బిగిసిందా, వేలాడుతోందా?" అని యడిగెను. పిమ్మట, "బ్యాటరీలు తిప్పి వెయ్యరా" అనెను. సాయంకాలము బ్యాటరీలు చచ్చువరకు ట్యాంకు హాలులో తిరుగాడెను.

ఆ నెలలోనే అట్టిదే మరొక కిట్టు తెప్పించబడినది. "ఒకటి ఆడించడానికి, ఒకటి దాచుకోవడానికి" అని ఆయన నాకు స్వయముగ చెప్పెను. రెండవది సిద్ధమైన పిమ్మట ఆడించునది ఏదియని యడిగితిని. కొత్తదానికి రంగింకను ఆరలేదట. మరి పాతదో?

"అది నడిచిన ట్యాంకండీ," అనెను గొంతు తగ్గించి, "ఇక దాన్ని ముట్టుకోకూడదు."