కోచ్ గారి ఆయన గారు

ఆటల పోటీల బహుమతుల సభలో ఈ వారం ఓ పెద్దమనిషి మైకు పుచ్చుకుని అడిగిన ప్రశ్న మా చెరుకుపల్లి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. మీ దాకా రాకుండా ఉండదు. "అమెరికాలో మగాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడమనిషిని హెడ్ కోచ్‌గా పెట్టాలంటున్నారట. డ్రెస్సింగ్ రూములోకి ఎట్టా పోతుందండీ?" అన్నారాయన. జనం చప్పట్లు కొట్టారు. పేరెందుకు గానీ, ఆయన శ్రీమతి ఓ పదవిలో ఉన్నారు. సభకు పిలుపు వచ్చింది కూడా ఆవిడ పేరు మీదే. కుర్చీలో కూర్చున్నదీ, శాలువా కప్పించుకున్నదీ, ప్రశ్న అడిగిందీ మాత్రం ఆయన.

ఆయన్ని చూశాకే నాకు వెలిగింది. ఎన్‌బీఏ అనే ఆ మగాళ్ళ బాస్కెట్‌బాల్ లీగు రోగానికి మందు అమెరికాలో లేదు, బాపట్ల జిల్లాలో ఉంది.

రోగం సంగతి మీకు తెలిసిందే. 1946లో మొదలైన లీగు, 30 జట్లు, ఇప్పటిదాకా ఒక్క జట్టుకీ ఆడమనిషి హెడ్ కోచ్ కాలేదు. బెకీ హామన్ 16 సీజన్లు ఆడవాళ్ళ లీగు డబ్ల్యూఎన్‌బీఏలో ఆడి, 2014లో శాన్ ఆంటోనియో స్పర్స్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరింది. మరుసటేడే సమ్మర్ లీగ్‌లో జట్టుని గెలిపించింది. 2020 డిసెంబర్ 30న లేకర్స్‌తో ఆట మధ్యలో హెడ్ కోచ్ పోపోవిచ్‌ని రిఫరీ బయటికి పంపేస్తే, ఆయన పోతూ పోతూ ఆమె వైపు వేలు చూపించాడు. మిగతా ఆట ఆమే నడిపింది. రిఫరీకి కోపం వచ్చింది కాబట్టి ఆ కాసేపైనా దొరికిందన్నమాట! 2021లో పోర్ట్‌లాండ్ జట్టు ఆమెని చివరి వడపోత దాకా తీసుకెళ్ళి, అసిస్టెంట్‌గా ఒక్క సీజన్ చేసిన చాన్సీ బిలప్స్‌కి ఉద్యోగం ఇచ్చింది. బిలప్స్ ఎన్‌బీఏలో ఆడినవాడు కదా అంటారు. పోపోవిచ్ అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్‌గా ఐదు టైటిళ్ళు గెలిచాడు.

పాపం, అమెరికా యజమానుల భయం నాకు అర్థమైంది. ఆడమనిషికి కుర్చీ ఇస్తే ఆవిడ నిజంగానే పని చేసేస్తుందేమోనని! ఆ భయం మనకి ఎప్పుడో పోయింది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్ళకి మూడోవంతు ఇవ్వమంది. మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. అయినా మనవాళ్ళు కుర్చీ దిగలేదు. సర్పంచ్ ఆవిడ, ప్రెసిడెంటు గారు మాత్రం ఆవిడ ఆయన. ఇంత గొప్ప విద్యని చెరుకుపల్లి, భట్టిప్రోలు, రేపల్లె సరిహద్దుల్లోనే దాచుకోవడం స్వార్థం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని పంపిన చేత్తోనే దీన్నీ పంపుదాం.

పథకం పేరు 'కోచ్ గారి ఆయన గారు'. ప్రతి జట్టుకీ ఓ మేడమ్ గారు, ప్రతి మేడమ్ గారికీ ఓ ఆయన గారు. ఆయన గారు లేకపోతే మామగారు, ఆయనా లేకపోతే మరిది. అమెరికా నుంచి 30 మందిని పిలిపించి, మన పంచాయతీ ఆఫీసుల్లో వారం రోజులు కూర్చోబెడితే చాలు. బాస్కెట్‌బాల్ తెలియాల్సిన పని లేదు. తెల్లచొక్కా ఉండాలి, కారు ముందు బోర్డు ఉండాలి, ఎవరైనా "ప్రెసిడెంటు గారూ" అంటే వెనక్కి తిరిగి చూసే అలవాటు ఉండాలి.

టైమ్ అవుట్ 75 సెకన్లు. ఆయన గారు లేచి "వేదికనలంకరించిన పెద్దలకీ, విచ్చేసిన అభిమానులకీ" అని మొదలుపెడితే పెద్దల పేర్లు పూర్తయ్యేసరికి బజర్ మోగుతుంది. ఆటగాళ్ళ మార్పు కావాలంటే అసిస్టెంట్ కోచ్ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళాలి. మేడమ్ గారు వంటింట్లోంచి పసుపు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెడతారు. ఏం రాసుందని అడిగితే "ఆయన చూశారుగా" అనాలి. అది నిబంధన. విలేఖర్ల సమావేశంలో ప్రశ్న మేడమ్‌కి, జవాబు ఆయన గారిది. "ఆవిడకి మైకు అలవాటు లేదండీ" అని ఓ నవ్వు నవ్వాలి. ఫ్లెక్సీలో ఆయన గారు నిలువెత్తు, మేడమ్ గారు మూలన స్టాంపు సైజు. పెద్దాయన అడిగిన డ్రెస్సింగ్ రూము చిక్కు కూడా తీరిపోయింది. లోపలికి ఆయన గారే వెళ్తారు. లెబ్రాన్ జేమ్స్‌కి మోకాలు నొప్పైనా సరే, పొద్దున్నే ఆయన గారి వరండాలో చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

పథకానికి ఒకటే అడ్డు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారు. ఒకప్పటి ఫాస్ట్ బౌలర్. 2019 మేలో ఐసీసీ మ్యాచ్ రిఫరీ అయ్యారు, మహిళల్లో మొదటివారు. అదే డిసెంబర్‌లో షార్జాలో మగాళ్ళ వన్డేకి రిఫరీగా కూర్చున్నారు. గీత దాటిన మగ ఆటగాడి మ్యాచ్ ఫీజు కోసే కుర్చీ అది. పక్కన ఆయన గారి కుర్చీ వెయ్యకుండానే టాస్ పడింది, ఆట జరిగింది, ఆకాశమూ విరిగి పడలేదు. ఇలాంటి ఉదాహరణలు మన పథకానికి చేటు. పిల్లలకి తెలియకుండా జాగ్రత్తపడాలి.

పథకంలో అసలు కీలకం లెక్కల దగ్గరుంది. గెలిస్తే ఊరేగింపు ఆయన గారికి. ఓడితే? కాంట్రాక్టు మీద సంతకం మేడమ్ గారిదే కాబట్టి పీకేసేదీ మేడమ్ గారినే. ఇది నేను కల్పించింది కాదు. పంచాయతీ నిధుల్లో తేడా వస్తే ఆడిట్ అభ్యంతరం ఎవరి పేరు మీద వస్తుందో కనుక్కోండి. తిన్న చెయ్యి ఒకటి, నోటీసు అందుకునే చెయ్యి ఇంకొకటి. ఆ నోటీసు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఆడమనిషిని చూపించి, "చూశారా, ఆడవాళ్ళకి పదవులిస్తే ఇట్టాగే తగలడుతుంది" అనేది కూడా మనమే. చేతగానితనమంతా మగాడిది, చెడ్డపేరు మాత్రం ఆమెది!

ఇక ఆ డ్రెస్సింగ్ రూము ప్రశ్నకి వద్దాం. 2025 నవంబర్ 2న మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు. మన కడప జిల్లా శ్రీచరణి ఆ జట్టులో ఉంది. కోచ్ అమోల్ మజుందార్. మంచి కోచ్, దేశానికి ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాకపోయినా జట్టుని నిలబెట్టాడు. మగాడు ఆ గదిలోకి ఎట్టా పోతాడని ఆయన్నెవరైనా అడిగారా? నువ్వు దేశానికి ఆడలేదుగా అన్నారా? మన హైస్కూళ్ళలో ఆడపిల్లల కబడ్డీ జట్టుకి మగ పీఈటీ ఉంటే ఒక్క పెద్దమనిషైనా మైకు పుచ్చుకున్నాడా? ఆ గదుల గురించి నిజంగా అడగాల్సిన ప్రశ్న 2023లో మహిళా రెజ్లర్లే అడిగారు. లైంగిక వేధింపులు జరిగాయని జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చుని అడిగారు. మే 28న పోలీసులు వాళ్ళని ఈడ్చుకెళ్ళి బస్సులెక్కించారు. మెడల్ తెచ్చిన పిల్లలు గోడు చెప్పుకున్న రోజున ఈ మర్యాదస్తులంతా ఎక్కడున్నారు? ఆడపిల్లకి భయమేస్తే మనకి వినపడదు. మగాడికి ఆడమనిషి ఆజ్ఞ ఇస్తుందంటే మాత్రం సంస్కృతి గుర్తొస్తుంది.

ఇదేం ఆట గొడవ కాదు. చట్టం మెడలు వంచని చోట ఆడవాళ్ళకి కుర్చీ ఇవ్వం. వంచిన చోట ఇచ్చి, అందులో మనమే కూర్చుంటాం. ఆ అమెరికా యజమానులకీ మనకీ తేడా అంతే. వాళ్ళు తలుపు తియ్యలేదు, మనం తీసినట్టు నటించాం. రేపు మళ్ళీ పంచాయతీ ఎన్నికలొస్తాయి. గెలిచిన ఆడమనిషి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ కనిపిస్తే పంచాయతీ కార్యదర్శి దాన్ని తీయించాలి, ఎంపీడీవో తీయించాలి. వాళ్ళకి నోరు రాకపోతే ఓటేసిన మనం లేచి, "బాబూ, మీకు మేం ఓటెయ్యలేదు, దిగండి" అని మొహం మీదే చెప్పాలి.