నెల చందా ఆత్మకథ

నేను నెల చందాను. పాటల యాప్ కోసం ఒక శ్రోత బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా బయలుదేరతాను. ఆమె వినేవి ఒగ్గుకథలు, ఒకరిద్దరు జానపద గాయకుల పాటలే అనుకోండి. నేను వాళ్లకే చేరతానని ఆమె నమ్మకం. కానీ నన్ను మిగతా చందాలన్నిటితో కలిపి ఒకే రాశిగా పోస్తారు. కంపెనీ తన వాటా, సుమారు మూడో వంతు, తీసుకున్నాక మిగిలిన సొమ్మును దేశంలో ఆ నెల మోగిన మొత్తం స్ట్రీమ్‌ల లెక్కన పంచుతారు. సినిమా పాటలకు కోట్ల స్ట్రీమ్‌లు ఉంటాయి కనుక, ఆమె ఒక్కసారీ వినని పాటల హక్కుదారులకే నాలో ఎక్కువ భాగం పోతుంది. పాటకు పైసలే వస్తున్నాయన్న ఫిర్యాదు కంటే ఇదే పెద్ద అన్యాయం అంటాను. డబ్బిచ్చిన మనిషి ఇష్టానికి పంపకంలో చోటే లేదు. పైగా గడచిన ఏడాదిలో 1000 స్ట్రీమ్‌లైనా రాని పాటకు స్పాటిఫై 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ ఆపేసింది. ఆ సొమ్ము మిగతా పాటలకు పోతుంది.

స్ట్రీమింగ్ రాకముందు పైరసీలో అసలేమీ దక్కలేదు కదా అంటారు. నిజమే. నేను పుట్టిందే ఆ నష్టాన్ని ఆపడానికి. అయినా దొంగతనం తగ్గింది కాబట్టి పంపకం ఎలా ఉన్నా సర్దుకోవాలనడం సబబు కాదు. ఎవరి చందా వాళ్లు విన్నవారికే చేరే పద్ధతి ఉంది. సౌండ్‌క్లౌడ్ అనే స్ట్రీమింగ్ సంస్థ 2021లో స్వతంత్ర కళాకారుల కోసం దాన్ని మొదలుపెట్టింది. దానివల్ల ఒరిగేది కొంచెమే అన్న అభ్యంతరం మాత్రం గట్టిది. ఫ్రాన్స్ జాతీయ సంగీత కేంద్రం 2021 అధ్యయనంలో చిన్న కళాకారులకు ఏడాదికి పెరిగేది కొద్ది యూరోలేనని తేలింది. ఆ లెక్కను కాదనను. అందుకే పంపకం మారాలి, కానీ అదొక్కటే చాలదు. ఎంత న్యాయంగా పంచినా నేను చిన్న మొత్తాన్నే. చందా కట్టేశాం, కళాకారుల రుణం తీరిందన్న తృప్తి శ్రోతకు కలగడం నావల్ల జరుగుతున్న అసలు కీడు. చందాతో ఆగకుండా నేరుగా కొనే దారీ ఉంది. పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సంస్థ వాటా సాధారణంగా 15 శాతం. చెల్లింపు ఖర్చులు పోను మిగిలినది కళాకారుడికో, లేబుల్‌కో చేరుతుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటాను కూడా సంస్థ వదులుకుంటోంది.

నన్ను రద్దు చేయమని అడగను. నచ్చిన గాయకుడి ఆల్బమ్ ఏడాదికి ఒక్కటైనా కొనండి. ఊళ్లో కథ చెప్పించుకుని సంభావన చేతికివ్వండి. నా పంపకం ఎప్పుడు మారుస్తారని మీ యాప్ వాళ్లను అడగండి.