పువ్వుకు ధర, చుక్కకు కేసు

ఇప్పపువ్వు రాలే కాలమొస్తే భద్రాచలం మన్యంలో తెల్లారకముందే గంపలు అడవికి బయలుదేరతాయి. ఎండిన పువ్వుకు కేంద్రం మద్దతు ధర కట్టింది. కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. లడ్డూ చుడితే స్టాలు పెట్టించి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అదే పువ్వును కోయ అవ్వ కుండలో నానేసి పొయ్యి రాజేసిందా, ఎక్సైజ్ జీపు గుమ్మంలో ఉంటుంది! మధ్యప్రదేశ్‌లో మాత్రం 2022 నుంచి ఇప్పసారా వారసత్వ మద్యం. పువ్వు అదే, లేబులే తేడా.

జీలుగు కల్లు సంగతి వేరు. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, ఆపైన తాగినవాడి అదృష్టం. సొరబుర్రలోంచి దొప్పలోకి వంచుకుని చెట్టు కిందే తాగాలి. పట్నం బాబులు దాన్ని వాటర్ బాటిల్లో బిగించి కారు డిక్కీలో పడేస్తారు. ఖమ్మం చేరేలోగా మూత ఎగిరిపోతుంది, డిక్కీ తాగేస్తుంది.

2014లో పక్కనున్న ఎటపాక ఆంధ్రకు పోయింది, భద్రాచలం తెలంగాణలో మిగిలింది. 2019 తర్వాత అటు సర్కారు దుకాణాల్లో బూమ్‌బూమ్ బీరు, ప్రెసిడెంట్ మెడల్ పేర్లు చూసి బెదిరిన భక్తులు సరిహద్దు దాటి రాముడి ఊరికి వచ్చారు. దర్శనానికి కాదు లెండి.

ఇటు 2025లో వైన్ షాపు లాటరీకి దరఖాస్తు రుసుమే 3 లక్షలు, తగలకపోయినా తిరిగి రాదు. అవ్వ ఎందుకో దరఖాస్తు పెట్టలేదు! ఏజెన్సీలో మద్యం మీద మాట గ్రామసభదేనని 1996 నాటి పెసా చట్టం. జీపు డ్రైవరుకు ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.