చుట్టానికొక టోస్టు

(నవాబుపేట బస్టాండు పక్కన ఛాయ్ హోటల్. పొద్దున తొమ్మిదింటికి ఇక్కడ కూర్చునేవాళ్లు ముగ్గురు. లాడ్జిసారు పట్నంలో ఉద్యోగం చేసి, రిటైరై ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. పటేలు పదవిని 1984లో ఎన్టీఆర్ తీసేశారు గానీ పేరును తీయడం ఆయన వల్ల కూడా కాలేదు. గౌడన్న కల్లమ్మే మనిషి; పొద్దున్నే ఈదులు గీసి వచ్చి ఛాయ్ తాగుతుంటాడు. ఫోన్లోంచి తలెత్తని తమ్ముడొకడు ఉన్నాడు, లెక్కలోకి రాడు. గల్లా దగ్గర అక్క.)

అక్క: ఏం సారూ, రెండు దినాల సంది కనవడ్తలేవు?

లాడ్జిసారు: పట్నం పోయినమ్మా. రాత్రి లాడ్జిల ఉన్న.

పటేలు: కొడుకు ఇల్లు పెట్టుకొని లాడ్జిల రూం తీసుకున్నవా? కోడలితోని పంచాయితైందా ఏంది?

లాడ్జిసారు: ఆ లాడ్జి కాదు పటేలా. గోషామహల్ బారాదరి. ఫ్రీమేసన్ల లాడ్జి. మీటింగైనంక విందుంటది, ఫెస్టివ్ బోర్డ్ అంటం. వేరే లాడ్జీల నుంచి చుట్టంచూపుగ వచ్చినోళ్లకు టోస్ట్ ఇచ్చుడు ఈసారి నా వంతైంది.

అక్క: ఒక్కటేనా ఇచ్చింది? నా తాన ఎవలొచ్చినా ఛాయ్ల ముంచుకోను రెండిస్త.

లాడ్జిసారు: ఆ టోస్టు కాదమ్మా. గ్లాసెత్తి ఒకరి పేరు మీద తాగుడు. అయినా ఆగు, ఆ మాట పుట్టింది ఈ టోస్టు నుంచే. ఎనకట ఇంగ్లండుల వైన్ల మసాలా రొట్టె ముక్క ఏసుకొని తాగెటోళ్లు.

అక్క: మరి గదే. నాకే చెప్తున్నవ్.

తమ్ముడు: సారూ, మీరు ఇల్యూమినాటియా? ప్రపంచాన్ని నడిపిస్తున్నది మీరేనట. వీడియో చూసిన.

లాడ్జిసారు: రాత్రి విందైనంక బస్సు దొరకక గంటసేపు రోడ్డు మీద నిలవడ్డ తమ్మీ. ప్రపంచాన్ని నడిపెటోన్నైతే ముందుగాల ఆ బస్సును నడిపెటోన్ని.

పటేలు: మా తాత దాన్ని జాదూఘర్ అనేటోడు. తలుపులేసుకొని ఏం చేస్తరో ఎవలికీ ఎరుక లేదనేటోడు.

లాడ్జిసారు: జాదూ లేదు, మంత్రం లేదు. 1682ల తానీషా కట్టించిన కట్టడం. 1872ల, ఆరో నిజాం కాలంల, మేసన్లకు దక్కింది.

పటేలు: 1872లనా? మహబూబ్ పాషాకు అప్పటికి ఐదారేండ్లే గదా! ఆడుకునే పోరగాని పేరు మీద ఎంత దానమైనా చెయ్యొచ్చు.

అక్క: గోషామహల్ అంటే గోషల ఉండే ఆడోళ్ల కోసం కట్టిందే గదా సారూ? ఇప్పుడు ఆడోళ్లను రానిస్తరా?

లాడ్జిసారు: లాడ్జి లోపలికి... మగోళ్లేనమ్మా.

అక్క: అంటే ఇప్పుడు గోష మీకొచ్చిందన్నట్టు.

గౌడన్న: (ఛాయ్ పొలమారి) అక్కా, జర ఆగి అను.

లాడ్జిసారు: లేడీస్ నైట్ అని ఒక విందు పెడ్తరు. ఆ రోజు ఆడోళ్ల పేరు మీద కూడా టోస్టుంటది.

అక్క: నడుముకు ఏప్రాన్లు కట్టుకుంటరట గదా. వంట మీరే చేస్తరా?

లాడ్జిసారు: లేదమ్మా. కేటరింగ్.

అక్క: (ఏమీ అనకుండా గిన్నె తోముతుంది. ఆ చప్పుడులోనే జవాబుంది.)

గౌడన్న: సరే, ఆ తాగుడెట్లనో చెప్పు సారూ. అది మా కులం పని.

లాడ్జిసారు: ఊకె తాగుడు కాదు గౌడన్నా, వరుసుంటది. ఇంగ్లండుల మొదటి టోస్టు రాజుకు. దాని తర్వాత పెద్ద పదవులోళ్లకు, లాడ్జి మాస్టరుకు. ఆ ఎనక అతిథులకు. ఆఖరుది టైలర్ టోస్టు.

పటేలు: బట్టలు కుట్టెటోనిక్కూడనా?

లాడ్జిసారు: ఆ టైలర్ వేరు. మీటింగ్ నడుస్తుంటే తలుపు బయట కత్తి పట్టుకొని నిలవడెటోడు. భూమ్మీద, సముద్రం మీద యాడ కష్టాలల్ల ఉన్నా, పేద సోదరులందరికీ అని ఆ టోస్టు.

గౌడన్న: అందరు తిని తాగి, కడుపు నిండినంక పేదోడు యాదికొస్తడన్నట్టు. మేమైతే లొట్టి దించంగనే ముందుగాల తల్లికి సాక పోస్తం. ఆ ఎనకనే ఎవలైనా.

లాడ్జిసారు: మా గ్లాసులు వేరే ఉంటయి. అడుగు మందం. తాగినంక అందరు ఒక్కసారి బల్లకేసి కొడ్తే తుపాకి పేలినట్టుంటది. ముందుకు, ఎడమకు, కుడికి. ముందుకు, ఎడమకు, కుడికి. చూడు...

(చేతిలోని పేపర్ కప్పును బల్లకేసి కొడతాడు. చప్పుడు రాలేదు. కప్పు మూతి వంకరపోయి, అల్లం ఛాయ్ పటేలు తెల్ల ధోవతి మీద నెలవంకలా పడింది.)

పటేలు: తుపాకి పేలింది.

అక్క: ఇంకో ఛాయ్ లెక్క రాస్తున్న సారూ.

గౌడన్న: 1995ల ఎన్టీఆర్ మందు బంద్ చేసినప్పుడు ఏం చేసిన్రు మరి?

లాడ్జిసారు: నీళ్లతోనైనా టోస్టు టోస్టే. లోపలేమున్నదో కాదు, గ్లాసెత్తుడు ముఖ్యం.

గౌడన్న: మా దాంట్ల ఉల్టా. లోపలున్నదే ముఖ్యం. తాటాకు రేకల పోస్తం, ఎవలు పట్టినా గదే రేక.

పటేలు: ఎవలు పట్టినానా?

(కాసేపు ఎవరూ మాట్లాడరు. తమ్ముడు కూడా ఫోను దించాడు.)

లాడ్జిసారు: మా దాంట్ల అందరు సమానం పటేలా. కులం లేదు, మతం లేదు. లాడ్జిల మతం మీద, రాజకీయం మీద ముచ్చట పెట్టుడే నిషేధం.

పటేలు: ఆ రెండూ లేకుంటే దావత్‌ల మాట్లాడనీకి ఏం మిగిల్తది?

లాడ్జిసారు: చుట్టాలు లేచి, కూర మంచిగున్నదని ఉపన్యాసమిస్తరు. ఇస్తనే ఉంటరు.

గౌడన్న: అందరు సమానమంటివి. మరి నేనొస్త, రానిస్తరా?

లాడ్జిసారు: సభ్యుడవైతే ఏ ఊరి లాడ్జికన్న పోవచ్చు. కాకపోతే తెలవని మొఖమైతే పరీక్షిస్తరు. కాయితాలు చూస్తరు. కొన్ని మాటలుంటయి, గుర్తులుంటయి, చెయ్యి కలిపే తీరుంటది. అవి చెప్పొద్దు.

గౌడన్న: అట్లయితే ఇదేం కొత్త? మన దగ్గర కాయితాలు లేకుండనే పరీక్షిస్తరు. ఏ ఊరు బిడ్డా, ఎవల కొడుకువు, ఇంటిపేరేంది. మూడు సవాళ్లు. మూడోదానికి ఏ బంతిల కూసోవెట్టాల్నో తేలిపోతది.

పటేలు: అది మర్యాద! చుట్టరికం కలుపుకోను అడుగుతం. మర్యాద గురించి మాకే చెప్తున్నవా? మన వికారాబాదు ఎవల పేరు? వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమాల ఒక్క బల్ల మీద 101 మందిని కూసోవెట్టినోడు.

లాడ్జిసారు: ఆ మహల్‌కు నిజాంను చుట్టంగ పిలిస్తే, ఆఖరుకు మహలే ఆయనదైపోయె గదా పటేలా.

గౌడన్న: అందుకే చుట్టాన్ని తలుపు కాన్నే పరీక్షించాలె.

లాడ్జిసారు: కిప్లింగ్ లాహోర్ లాడ్జిల మేసనైండు. మదర్ లాడ్జ్ అని పాట రాసిండు. హిందువులు, ముస్లింలు, సిక్కులు, తెల్లోళ్లు, అందరు అన్నదమ్ముల్లెక్క కలిసెటోళ్లట. విందు మాత్రం పెట్టుకోకపోయేదట. ఎవల కులం చెడుతదో అని.

అక్క: అన్నదమ్ములేగానీ అన్నం తినరు. నా చిన్నప్పుడు హోటల్ల గోడకు మొలలుండేటియి. కొందరి గ్లాసులు ఆ మొలలకు, కొందరియి బల్ల మీద. ఈ పేపర్ కప్పులొచ్చినంక ఎవల ఎంగిలి ఎవలు కడుగుతరన్న రంధి పోయింది. కప్పు బుట్టల పడేస్తరు. మనసుల మొలలు పీకలేదు గానీ గోడకైతే పోయినయి.

పటేలు: పొద్దుగాల పొద్దుగాల ఇవన్ని ఎందుకు? ఛాయ్ పొయ్యి.

(తాండూరు బస్సు ఆగింది. సంచి భుజానేసుకున్న ఒక మనిషి దిగి, దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.)

వచ్చినవాడు: అక్కా, ఒక ఛాయ్. చక్కెర తక్కువ.

పటేలు: (ధోవతి సర్దుకొని) రా బిడ్డా, కూసో. ఏ ఊరు?

వచ్చినవాడు: తాండూరు.

పటేలు: తాండూరుల ఎవలోళ్లు?

వచ్చినవాడు: నాపరాళ్ల బేరానికొచ్చిన పెద్దయ్యా.

పటేలు: అది కాదు. ఇంటిపేరేంది?

గౌడన్న: సారూ, మీ టైలర్ ఈన్నే ఉన్నడు. కత్తొక్కటే తక్కువ.

లాడ్జిసారు: (లేచి, నవ్వుతూ చెయ్యి చాపి) నమస్తే అన్నా, రండి.

(చెయ్యి కలిపాడు. కలిపిన చేతిని వెంటనే వదల్లేదు. బొటనవేలు కాస్త ఇటు, కాస్త అటు కదిపి, ఆ మనిషి ముఖంలోకి ఆశగా చూశాడు.)

అక్క: ఆయన చెయ్యి ఇడువు సారూ, ఛాయ్ అందియ్యాలె.