ఇంటివాళ్లేర్రా?

నాకు రెండు కళ్లు, ఒకదాని కింద ఒకటి. పై కంట్లోంచి తాతయ్య చూసేవాడు, కింది కంటితో నేను ఫిల్ము మీద పట్టేదాన్ని. యాషికా కెమెరాని. పుట్టింది జపాన్‌లో, బతికింది నందిగామలో తాతయ్య చిన్న స్టూడియోలో.

పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రేషన్ కార్డు ఫొటోలు సరే, అందరూ తీసేవే. నా గొప్పంతా ఇళ్ల ఫొటోలు. పులిచింతల ప్రాజెక్టు ముంపు ఊళ్లకు పరిహారం ఫైళ్లు కడుతున్న రోజుల్లో జగ్గయ్యపేట మీదుగా కృష్ణ ఒడ్డుకు పోయి ఆ ఇళ్లు తీశాం. గోడా కప్పూ కనబడితే ఆఫీసుకు చాలు. తాతయ్యకు చాలదు. "అరుగు మీద నిలబడండమ్మా, ఇల్లొక్కటే పడితే గోడౌన్‌లాగుంటది" అనేవాడు. ముసలమ్మా, గేదే, కోళ్ల గంపా వచ్చి ఫ్రేములో చేరేవి.

డిజిటల్ వచ్చి నన్ను బీరువాలోకి నెట్టింది. పాత వస్తువుల పిచ్చి ఉన్న మనవడు అమెరికా తీసుకుపోయాడు. అలా ఓ అక్టోబరు శనివారం న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పడ్డాను. ప్రపంచంలో మొదటి అణుబాంబు పేలిన ట్రినిటీని జనానికి చూపించే రోజు. దారిలో ఫొటోలు తీయకూడదు, అక్కడికి చేరాకే. 1945 జూలై 16 తెల్లవారుజామున 5:29కి ఇసుక కరిగి గడ్డకట్టిన పచ్చటి గాజు పెంకులు ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. ఏరుకుంటే తప్పు.

ఫిల్ము జాతికి ఆ చోటంటే గుబులు. అప్పట్లో కోడాక్ ఎక్స్‌రే ఫిల్ములు డబ్బాలో ఉండగానే మచ్చలు పడ్డాయి. జూలియన్ వెబ్ అనే శాస్త్రజ్ఞుడు తీగ లాగితే, ఫిల్ములు సర్దే గడ్డి అట్ట దొరికింది. అది తయారైంది పేలుడుకు వెయ్యి మైళ్ల అవతల, ఇండియానా రాష్ట్రంలో. గాలి మోసుకొచ్చిన ధూళి వబాష్ నదిలో చేరి, ఆ నీళ్లతో అట్టలోకి వచ్చింది. మిలిటరీ దాచిన గుట్టు మావాళ్లు ఒంటి మీద మచ్చలతో చెప్పేశారన్నమాట.

పేలిన చోటికి రెండు మైళ్లలో ఉంది మెక్‌డొనాల్డ్ వాళ్ల పశువుల క్షేత్రం ఇల్లు. 1913లో ఫ్రాంజ్ ష్మిట్ అనే జర్మన్ వలసదారు పచ్చి ఇటుకలతో కట్టుకున్నాడు. 1930లలో మెక్‌డొనాల్డులు ఉత్తరం వైపు పెంచారు. 1942లో బాంబుల సాధనకు నేల కావాలని సైన్యం ఖాళీ చేయించింది. యుద్ధమయ్యాక తిరిగొస్తామనుకున్నారు పాపం, రానివ్వలేదు. 1945 జూలైలో ఈశాన్యం పడకగదిలో, మనవాళ్లయితే దేవుణ్ణి పెట్టుకునే మూల, దుమ్ము రాకుండా కిటికీలు మూసి, ఆరు కిలోల పైచిలుకు ప్లుటోనియంతో బాంబు గుండెకాయ కూర్చారు. బయట జీపులు ఇంజన్లు ఆపకుండా నిలబెట్టారట, పారిపోవడానికి. పశువుల తొట్టిలో సైనికులు ఈతలు కొట్టారు. పేలుడుకు కిటికీలు ఎగిరిపోయాయి, గోడలు నిలిచాయి.

తర్వాత దాదాపు నలభై ఏళ్లు కప్పు కారింది. 1984లో నేషనల్ పార్క్ సర్వీస్ బాగుచేసింది. ఎలాగంటే, 1945 జూలై 12న ఎలా ఉందో అలా. నా పేచీ ఇక్కడే. ఆ తేదీ లేకపోతే ఇల్లు ఎప్పుడో కూలేది, ఒప్పుకుంటాను. కానీ కాపురాలు నడిచిన దాదాపు ముప్ఫయ్యేళ్లలో ఒక్క రోజూ పనికి రాలేదా? మా వైపు చూడండి. జగ్గయ్యపేట ధనబోడు బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర పరిశోధించి బొమ్మలతో పుస్తకం వేశాడు. అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పఫలకం మద్రాసు మ్యూజియానికి పోయింది. అయినా ఆ స్తంభాలు నిలబెట్టిన శిల్పి సిద్ధార్థుడు, ఇక్ష్వాకుల కాలం వాడు, తండ్రి పేరుతో సహా రాతి మీద ఉన్నాడు. ఈ ఇంట్లో నాకు ఫ్రేములోకి దొరికింది ఖాళీ గదులూ, గది శుభ్రంగా ఉంచమని తలుపు మీద రాసిన హెచ్చరికా.

రీలు మచ్చ లేకుండా వచ్చింది. ప్రింట్లు నందిగామ చేరాయి. తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే తిప్పి, ఫోన్లో అడిగాడు.

"ఇల్లు బాగుందిరా. ఇంటివాళ్లేరి?"

మనవడు ఆ మెక్‌డొనాల్డుల్లో డేవ్ అనే ఆయన కథ చెప్పాడు. ఎనభై దాటిన ఆ రైతు 1982లో తుపాకీ పట్టుకుని క్షిపణి కేంద్రంలోకి దూరి, అక్కడి తన పాత పశువుల క్షేత్రంలో బైఠాయించాడు. పత్రికలన్నీ రాశాయి.

"మరి ఆయన ఫొటో ఏదిరా ఇందులో? ఎవరు తీశారో కనుక్కుని తెప్పించు. ఈ గోడల పక్కన పెడదాం" అన్నాడు తాతయ్య.