ఏ కుంచంతో కొలిచారర్రా?

మా నాన్న కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. లాభం, రెండు, మూడు... ఆరు దాటాక ‘ఏడు’ అనే మాట నోట రాకూడదు, ‘ఆరున్నొకటి’ అనాలి. కుంచానికో గీత చొప్పున నేల మీద పుల్లతో గీయడం నా పని. కొలత మొదలెట్టే ముందు కుంచాన్ని బోర్లించి, అడుగున ఏమీ అంటుకోలేదని కౌలుదారుకీ కూలీలకీ చూపించేవాడు. చేత్తో చదును చేసి కొలవాలా, గోపురంగా పోసి కొలవాలా అన్నది కూడా అప్పుడే తేలిపోయేది. సగం రాశి కొలిచాక, ‘ఈ కుంచం వద్దు, మా ఇంట్లో ఇంకోటుంది’ అని ఎవడైనా అంటే ఊరు ఊరంతా నవ్వేది.

నాకిప్పుడు ఎనభై రెండేళ్లు. అందులో యాభై పైచిలుకు డెట్రాయిట్ శివార్లలోనే గడిచాయి. కుంచం మధ్యలో మార్చడం అనే ఆ విద్యను నా కళ్లారా చూసింది మాత్రం ఇక్కడే, 2008లో, అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ పోటీలో.

డెమొక్రాటిక్ పార్టీ నియమం ముందే చెప్పింది. అయోవా, న్యూహాంప్‌షైర్, నెవాడా, సౌత్ కరోలినా తప్ప ఇంకే రాష్ట్రమూ ఫిబ్రవరి 5కు ముందు ఓటింగ్ పెట్టకూడదు. ఎప్పుడూ ఆ చిన్న రాష్ట్రాలదేనా పెత్తనం అని మా మిషిగన్ పెద్దలకు రోషం వచ్చింది, జనవరి 15న పెట్టేశారు. ఫ్లోరిడా కూడా జనవరి 29న పెట్టింది. పార్టీ రెండు రాష్ట్రాల డెలిగేట్లనూ, అంటే మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను, మొత్తంగా కొట్టేసింది. పోటీలో ఉన్న ఒబామా, ఎడ్వర్డ్స్ మిషిగన్ బ్యాలెట్ నుంచి పేర్లు తీయించుకున్నారు. హిల్లరీ క్లింటన్ తన పేరు ఉంచుకుంది. ఈ మిషిగన్ ఓటు ఎందులోకీ లెక్కకు రాదని అంతకు కొన్ని నెలల ముందు ఒక రేడియోలో చెప్పింది కూడా ఆవిడే. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు మా ఆవిడా నేనూ చలికోట్లు తగిలించుకుని వెళ్లాం. చేతికిచ్చిన కాగితంలో నేను వేద్దామనుకున్న ఒబామా పేరు లేదు. చేత్తో రాద్దామంటే, రాసినా అది లెక్కకు రాదని అప్పటికే చెప్పారు. మిగిలింది ‘అన్‌కమిటెడ్’ అన్న గడి. ఎవరికీ కాని ఓటన్నమాట. అరవై అయిదేళ్ల వయసులో, మంచులో కారు నడుపుకుంటూ వెళ్లి, ఎవరికీ కాని ఓటు వేసి వచ్చాను. మా ఆవిడ దర్జాగా హిల్లరీకి వేసింది. కారెక్కాక, “ఏమండీ, మనింట్లో ఒకటికి సున్నాతో నేనే గెలిచాను” అంది.

నవ్వి ఊరుకున్నాను. తీరా మే నెల వచ్చేసరికి దేశమంతా మా ఇంటి లెక్కే మొదలెట్టింది.

డెలిగేట్లలో ఒబామా ముందున్నాడు. హిల్లరీ వైపు వాళ్లు, ‘డెలిగేట్లు సరే, ప్రజల ఓట్లన్నీ కూడి చూడండి, మాకే ఎక్కువ’ అన్నారు. కూడితే సుమారు మూడున్నర కోట్లు, ఇద్దరికీ దాదాపు సమానం. మా అబ్బాయి లాప్‌టాప్ ముందేసుకుని ఒక్కో వరసే చదివి వినిపించాడు. రెండు రాష్ట్రాలూ తీసేస్తే ఒబామా. ఫ్లోరిడా కలిపినా వెంట్రుకవాసిలో ఒబామాయే. మిషిగన్ కూడా కలిపి, పేరే లేని ఒబామాకు అక్కడ సున్నా వేస్తే హిల్లరీ. నాలాంటి వాళ్ల అన్‌కమిటెడ్ ఓట్లు ఒబామా ఖాతాలో వేసి, కాకస్‌ల అంచనాలూ కలిపితే మళ్లీ ఒబామా.

“అంచనాలేమిటిరా? ఓట్లు లెక్కపెడతారు గానీ అంచనా వేస్తారా?” అన్నాను.

“అయోవా, నెవాడా, మెయిన్, వాషింగ్టన్... అక్కడ కాకస్‌లు నాన్నా. ఎవరి వైపు ఎంతమంది నిలబడ్డారో తలల లెక్క ప్రకటించలేదు.”

కాకస్ అంటే ఊరి రచ్చబండ లాంటిదే. అప్పట్లో సాయంత్రం ఏ బడిలోనో చేరి, అభ్యర్థికో మూల చొప్పున గుంపులు కట్టేవారు. అయోవాలో గుంపు నూటికి పదిహేనుకు చేరకపోతే అందులోవాళ్లు ఇంకో మూలకు పోవాల్సి వచ్చేది. చివరికి ఆ తలలను రాష్ట్రస్థాయి డెలిగేట్ల వాటాలుగా మార్చి, ఆ వాటాలే ప్రకటించేవారు. ధాన్యం ఆడించి, దంపి, బియ్యం అమ్మేశాక వడ్లు ఎన్ని కుంచాలని అడిగితే ఎవడు చెబుతాడు?

వాషింగ్టన్ రాష్ట్రంలో తమాషా ఇంకో రకం. ఫిబ్రవరి 9న కాకస్ పెడితే ఒబామాకు 68 శాతం. పది రోజులకు ప్రైమరీ పెడితే అదే ఒబామాకు 51 శాతం. లక్షల మంది ఓటేసిన ప్రైమరీకి ఒక్క డెలిగేటూ లేడు, పంపకమంతా కాకస్‌ను బట్టే. టెక్సాస్‌లో పగలు ప్రైమరీ, రాత్రి కాకస్. ప్రైమరీలో ఎక్కువ ఓట్లు హిల్లరీకి, మొత్తం మీద ఎక్కువ డెలిగేట్లు ఒబామాకు. ప్యూర్టోరికోలో హిల్లరీకి లక్షా నలభై వేల ఆధిక్యం వచ్చింది. నవంబరులో అధ్యక్షుడికి ఓటేసే హక్కే లేదు ఆ ద్వీపానికి! ఇవన్నీ ఒక రాశి పోసి మొత్తం ఇంత అంటారు. కుంచమూ, మానికా, సోలా, గిద్దా కలిపి అన్నీ ఒకటే అన్నట్టు.

“మా రోజుల్లో ఇలా ఉండేదా?” అని ఎగిరాను. మా అబ్బాయి ఊరుకునే రకం కాదు.

“మీ రోజుల్లో అసలు లెక్కెక్కడిది నాన్నా? 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే అభ్యర్థి అయ్యాడుగా?”

నిజమే. పార్టీ పెద్దలు చుట్టల పొగ మధ్య కూర్చుని తేల్చేవాళ్లు. 1952లో కెఫావర్ ప్రైమరీలన్నీ ఊడ్చినంత పనిచేస్తే, షికాగో మహాసభ స్టీవెన్‌సన్ మెడలో దండ వేసింది. 1968 గొడవల తర్వాతే నియమాలు మార్చి, ప్రైమరీలకు పట్టం కట్టారు. ఆ కొత్త నియమాల మొదటి పోటీ 1972లో. నేనప్పటికి ఈ దేశం వచ్చి ఏడాది. జార్జి వాలెస్ తుపాకీ గుళ్లు తగిలి ఆసుపత్రిలో పడి ఉంటే, మర్నాడే మా మిషిగన్ జనం ఆయన్ని గెలిపించారు. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో కూర్చోకూడదని పంతం పట్టిన మనిషి. ఎటు వచ్చిపడ్డానురా దేవుడా అనుకున్నాను. ఆ ఏడు ప్రైమరీల ఓట్లన్నీ కూడితే హంఫ్రీకే కాస్త ఎక్కువ. అభ్యర్థి అయింది మాత్రం మెక్‌గవర్న్.

అయినా తగ్గలేదు. “మన దేశంలో అలా కాదు. 1955లో ఆంధ్ర రాష్ట్రం ఎన్నికలప్పుడు నాకు పన్నెండేళ్లు. కాంగ్రెస్ జోడెద్దులా, కమ్యూనిస్టుల కంకి కొడవలా అని మా ఊళ్లో అన్నదమ్ములు మాటలు మానేశారు. అయినా లెక్క దగ్గర పేచీ లేదు.”

మా అబ్బాయి అదీ వెతికాడు. “కమ్యూనిస్టులకు నూటికి ముప్ఫై ఒక్క ఓట్లు నాన్నా. సీట్లు 196లో పదిహేను. దీన్నేమంటావు?”

ఒక్క క్షణం నోరు మూతపడింది. మా చిన్నాన్న కంకి కొడవలి మనిషి. ఫలితాల రోజు రాత్రి అన్నం ముట్టలేదు. కానీ తెల్లారి ఆయన, ‘ఓడిపోయాం’ అన్నాడే తప్ప, ‘మొత్తం ఓట్లు కూడండి, వాటా తేల్చండి’ అనలేదు. ఎక్కడికక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారన్నది పోలింగుకు ముందే అందరికీ తెలుసు. కుంచం మంచిదా, చిల్లు కుంచమా అన్న వాదన వేరు, అది ఎన్నికకు ముందో తర్వాతో తీరిగ్గా చేసుకోవచ్చు. రాశి సగం కొలిచాక మాత్రం కుంచం మార్చకూడదు. మా అబ్బాయికి అదే చెప్పాను. “పోనీలే, ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను” అన్నాడు.

సరే, 2008 మే 31న రాజధాని వాషింగ్టన్‌లో ఒక హోటల్లో పార్టీ నియమాల కమిటీ కూర్చుంది. రోజంతా టీవీలో చూశాం. వెనక కూర్చున్న జనం అరుపులు, ఈలలు. చివరికి ఫ్లోరిడా, మిషిగన్ డెలిగేట్లకు తలా అర ఓటు ఇచ్చారు. మిషిగన్‌లో హిల్లరీకి 69 మంది, బ్యాలెట్ మీద పేరే లేని ఒబామాకు 59 మంది! ఈ పంపకం ఏ లెక్కకూ సరిగ్గా అందదు, పెద్దమనుషులు గట్టు మీద కూర్చుని చేసిన రాజీ. ఆగస్టులో డెన్వర్ మహాసభలో అర ఓటు పోయి నిండు ఓటు వచ్చింది. అప్పటికి అభ్యర్థి తేలిపోయాడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. పెళ్లయ్యాక లగ్నం చూసినట్టు.

తర్వాతైనా బుద్ధొచ్చిందా? 2020 ఫిబ్రవరి 3 రాత్రి అయోవా ఫలితాల కోసం మేలుకుని కూర్చున్నాను. ఫోన్లలో ఏదో యాప్ పెట్టారు, అది మొరాయించింది. అర్ధరాత్రి దాటినా అంకె లేదు. రోజుల తర్వాత వచ్చిన పూర్తి అంకెలు ఒకటి కాదు, మూడు వరసలు. తలల లెక్కలో మొదటిసారీ, గుంపులు మారాక రెండోసారీ శాండర్స్ ముందు. డెలిగేట్ల వాటాల్లో బూటిజెజ్ ముందు. ఇద్దరూ గెలిచామన్నారు. ఇద్దరిదీ నిజమే, ఎవరి కుంచం వాళ్లది.

2024లో బైడెన్‌కు ప్రైమరీల్లో కోటికి పైగా ఓట్లు పడ్డాయి. జులై 21న ఆయన తప్పుకున్నాడు. డెలిగేట్లు కమలా హారిస్‌ను ఎన్నుకున్నారు. అసలు కొలత డెలిగేట్లేనని అప్పటికి గాని చాలామందికి తెలియలేదు. అదే ఏడు మా మిషిగన్‌కు పార్టీయే ముందు వరసలో చోటిచ్చింది, ఫిబ్రవరి 27న. అంతకు పదహారేళ్ల ముందు నేను గతిలేక నింపిన ‘అన్‌కమిటెడ్’ గడిని, ఈసారి గాజా యుద్ధం మీద నిరసనగా లక్షమందికి పైగా కావాలని నింపారు. వాళ్లకు ఇద్దరు డెలిగేట్లు వచ్చారు. నా ఓటు అడగకుండా లెక్కల్లోకి ఎక్కింది, వాళ్ల ఓటు చెప్పి మరీ ఎక్కింది. ఆ ఒక్క విషయంలో ఈ రోజులే నయం.

2028 దగ్గరికొస్తోంది. మళ్లీ ఎవరో ఒకరు టీవీలో కూర్చుని ‘ప్రజల ఓట్లు మాకే ఎక్కువ’ అంటారు. మీరు ఏ పార్టీ వాళ్లయినా సరే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: బాబూ, ఏ కుంచంతో కొలిచావు, ఆ కుంచం ఎప్పుడు తెచ్చావు?